సినిమా హాల్లో వెల్డింగు

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన తొలి వేసవిలో మా ఆయనకు పని లేదు. లేదని దాచలేదులెండి, ముందే చెప్పారు. "డిగ్రీ ఉంది, ప్రయత్నాల్లో ఉన్నాడు" అన్నారు. ఆ ప్రయత్నాలేమిటో కాపురానికి వెళ్ళాక తెలిసింది. మామయ్య పనికి బయల్దేరేదాకా మా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ పడక నిద్ర కాదని పక్కనున్న నాకు తెలియదా? వీధి మలుపు దగ్గర మామయ్య చెప్పుల చప్పుడు తగ్గగానే దుప్పటి తీసి కూర్చునేవాడు.

"నాన్న వెళ్ళాడా?"

"వెళ్ళారు. లేవండి."

"లేచే ఉన్నాను."

మామయ్య బస్సులకు బాడీ కట్టే షెడ్డులో వెల్డరు. అక్కడికి బస్సు వచ్చేటప్పుడు అది బస్సులాగా ఉండదు. నాలుగు చక్రాలు, ఒక ఇంజను, ఒక స్టీరింగు, అంతే. డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని, ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఎండలో ఆ ఎముకల గూటిని నడుపుకుంటూ వస్తాడు. కొన్ని వారాల తర్వాత అదే కిటికీలతో, సీట్లతో, రంగులతో పెళ్ళికూతురిలా బయటికి వెళ్తుంది. నిలువు స్తంభాలూ పైకప్పు చట్రమూ అతకడం మామయ్య పని. ఆయన ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న మచ్చలు. మొదట్లో అవి చూసి ఏదో జబ్బేమో అనుకుని, అడగలేక ఊరుకున్నాను.

తండ్రీకొడుకులు మాట్లాడుకునేవారు కాదు. పోట్లాటంటూ ఏమీ లేదు. ఉంటే తీరిపోయేదేమో. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా మామయ్య నావైపు తిరిగి, "మొన్న వెళ్ళిన ఇంటర్వ్యూ ఏమైందో కనుక్కోమ్మా" అనేవారు. మూరెడు దూరంలో ఉన్న మా ఆయన కూడా నావైపే తిరిగి, "కబురు చేస్తామన్నారని చెప్పు" అనేవాడు. అంతకుముందు ఈ తపాలా ఉద్యోగం అత్తయ్యది. నేను వచ్చాక ఆవిడ హాయిగా పదవీ విరమణ చేసింది.

సాయంత్రాలు మామయ్యతోపాటు సుత్తి బాబాయ్ వచ్చేవాడు. మా ఆయన బాబాయ్ అంటాడు, నేనూ అలాగే పిలిచేదాన్ని. షెడ్డులో రేకుల సొట్టలు తీసే పని ఆయనది. ఆ పేరు చేతిలోని సుత్తిని చూసి పెట్టారో, నోటిని చూసి పెట్టారో ఎవరూ చెప్పలేరు. మెట్టు మీద కూర్చుంటే చాలు, ఇంక ఆగేవాడు కాదు. మామయ్య వినేవారు. ఇద్దరూ కుర్రతనం నుంచీ ఒకే షెడ్డులో ఉన్నారు. బాబాయ్ మాట్లాడటం, మామయ్య తల ఊపడం, ఇన్నేళ్ళ స్నేహమూ ఆ ఒప్పందం మీదే నడిచింది.

"ఆయన మొదలుపెట్టాడు, టీ పెట్టు" అనేది అత్తయ్య లోపలి నుంచి. "రెండోసారికి కూడా పాలు ఉంచుకో."

మా వీధి చివర మూతపడిన సినిమా హాలు ఒకటి ఉంది. ఆ వేసవి మొదట్లో దానికి సున్నం వేసి బోర్డు పెట్టారు. నిరుద్యోగ యువతకు ఉచితంగా వృత్తి శిక్షణ, ఆ తర్వాత ఉద్యోగం. కుట్టుపని, కరెంటు పని, వెల్డింగు. పిల్లలు ఎగబడి చేరిపోయారు. తీరా చూస్తే వెల్డింగు నేర్పాల్సిన మనిషి, ఎక్కడో ఓడరేవులో మంచి పని దొరికిందని, మొదటి క్లాసు కాకుండానే వెళ్ళిపోయాడు. సెంటరు నడిపే మేడమ్ కాళ్ళరిగేలా తిరిగి, షెడ్డు ఓనరు చెబితే మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఎండకు ముఖం కందిపోయి, గొంతు బొంగురుపోయి ఉంది.

"సాయంత్రాలు వస్తే చాలండి. మిషన్లు పెట్టెల్లోంచి కూడా తియ్యలేదు. పిల్లలు రోజూ వచ్చి కూర్చుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళ ముఖాలు చూడలేకపోతున్నాను."

మామయ్య చేతులు తుడుచుకుంటూ, "నాకు చెయ్యడం వచ్చు తల్లీ. చెప్పడం రాదు" అన్నారు.

"చెప్పడానికి నేనొస్తాలే" అన్నాడు సుత్తి బాబాయ్ మెట్టు మీంచి. "నువ్వు చేస్తూ ఉండు, నేను మాట్లాడుతూ ఉంటా. ఇంట్లో నా మాట ఎలాగూ ఎవరూ వినరు. అక్కడైతే తలుపులేసి వినిపించొచ్చు."

మేడమ్ నవ్వింది. గుమ్మంలో నిలబడిన మా ఆయనను అప్పుడే చూసింది. "మీ అబ్బాయా? ఏం చేస్తున్నారు?"

ఆ ఇంట్లో అందరం ఆ ప్రశ్న రాకుండా చూసుకుంటూ బతుకుతున్నాం. అత్తయ్య గ్లాసులు సర్దడం మొదలుపెట్టింది. మామయ్య కొడుకు వైపు కాకుండా మేడమ్ వైపే చూస్తూ, "వాడూ చేరతాడు" అన్నారు. అంటే తనూ వస్తానని ఒప్పుకున్నట్టే.

మా ఆయన లోపలికి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. "ఇంట్లో పడేది చాలదా? ఇంక పదిమంది ముందు కూడానా?"

"మామయ్య మిమ్మల్ని ఎప్పుడైనా ఒక మాట అన్నారా?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "అదే. అనడు."

చేరాడు.

క్లాసులు మొదలైన వారానికి అత్తయ్య ఫ్లాస్కులో టీ పోసిచ్చి నన్ను హాలుకు పంపింది. ఇద్దరూ ఎలా ఉన్నారో చూసి రమ్మని అసలు ఉద్దేశం. హాల్లో సీట్లన్నీ పీకి ఒక మూల గుట్టపోశారు. నేల ఇంకా తెర వైపు వాలుగానే ఉంది. ఏది కింద పడినా దొర్లుకుంటూ ముందుకు పోతుంది. అందుకని మిషన్ల చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టారు. తెర ఉండే గోడ మాత్రం తెల్లగా అలాగే ఉంది. మామయ్య రాడ్డు అంటించగానే ఆ గోడ మీద ఆయన నీడ ఏనుగంత లేచింది. పిల్లలంతా నల్ల అద్దాల వెనక నుంచి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ హాల్లో ఏ సినిమానూ అంత నిశ్శబ్దంగా చూసి ఉండరు.

"కళ్ళను మాత్రమే నమ్ముకోకండి" అంటున్నారు మామయ్య. చెప్పడం రాదన్న మనిషి. "చెవి కూడా పెట్టండి. అతుకు బాగా పడుతుంటే నూనెలో ఏదో వేగుతున్నట్టు ఒకే తీరున చప్పుడొస్తుంది. చిటపటమంటే రాడ్డు దూరమైంది. చప్పుడు ఆగిపోతే అంటుకుపోయింది. అప్పుడు కంగారుపడి లాగకండి, మెలిపెట్టి తియ్యండి."

పక్కన సుత్తి బాబాయ్ కొందరిని పోగేసి, వంకర రేకును దారికెలా తేవాలో చూపిస్తున్నాడు. ఆయనను ఎవరూ పిలవలేదు, ఎవరూ జీతమివ్వలేదు. వినేవాళ్ళు దొరికారు, అంతే. "రేకుని కొట్టకూడదురా. బుజ్జగించాలి. పెళ్ళాం అలిగినట్టనుకో..." అంటూ ఎక్కడికో వెళ్ళిపోతున్నాడు.

మా ఆయన వంతు వచ్చింది. మామయ్య అందరినీ పిలిచినట్టే పిలిచారు.

"ఏం బాబూ, చెయ్యి వణుకుతోంది. ఊపిరి బిగబట్టకు. వదిలి, మెల్లగా జరుగు."

"అలాగే సార్" అన్నాడు మా ఆయన.

నేను గబుక్కున గోడవైపు తిరిగి ఫ్లాస్కు మూత తిప్పుతూ నిలబడ్డాను. నవ్వు ఆపుకోలేక కళ్ళలో నీళ్ళొచ్చాయి.

ఆ పిలుపు ఇంటిదాకా వచ్చింది. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆయన ఏదో ధ్యాసలో, "సార్, ఆ ఉప్పు ఇలా ఇవ్వండి" అనేశాడు. మామయ్య ఉప్పు అందించి, "హాజరు వేశారా?" అన్నారు. అత్తయ్యకు పొలమారింది. అంత నవ్వు ఆ ఇంట్లో అంతకుముందు నేను వినలేదు. మర్నాటి నుంచి నా తపాలా ఉద్యోగం కూడా ఊడింది.

మధ్యలో ఒకసారి ఏమైందంటే, మా ఆయన మాస్కు ఎత్తి ఇంకొకరి అతుకు చూశాడు. ఇంటికొచ్చిన కాసేపటికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. తెరవలేడు, ముయ్యలేడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటూ నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మామయ్య నన్ను కూర్చోమని, తడిగుడ్డ చల్లగా పిండి కొడుకు కళ్ళ మీద వేశారు. గుడ్డ వేడెక్కినప్పుడల్లా మార్చుతూ పక్కనే కూర్చున్నారు.

"నాకూ మొదట్లో ఇలాగే అయింది. మా మేస్త్రి చెంప పగలగొట్టాడు."

"నువ్వూ కొట్టాల్సింది" అన్నాడు మా ఆయన గుడ్డ కింది నుంచి.

"కళ్ళు తెరువు, చూద్దాం."

మామయ్య చెయ్యి ఆ గుడ్డ మీద అలాగే ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వేసవి నడిమికి వచ్చేసరికి మా ఇంట్లో అతకని ఇనుము లేదు. మంచం కోళ్ళు, కిటికీ ఊచలు, పొయ్యి స్టాండు, ఆఖరికి పక్కింటివాళ్ళ గేటు. అత్తయ్య, "నేను కదలకుండా నిలబడితే నన్నూ దేనికో ఒకదానికి అతికేస్తారు" అనేది. మామయ్య కొడుకును ముఖాన మెచ్చుకోలేదు. నాతో మాత్రం, పెరట్లో చేతులు కడుక్కుంటూ, "వీడికి చెయ్యి కుదిరిందమ్మా. నాకు ఇంత తొందరగా కుదరలేదు" అన్నారు. నేను ఆ మాటను చెంబుతో నీళ్ళు తెచ్చినంత జాగ్రత్తగా లోపలికి తెచ్చి మా ఆయనకు అందించాను.

చివర్లో పరీక్ష పెట్టారు. ఇంటివాళ్ళని కూడా రమ్మన్నారు. ఒక్కొక్కరూ రెండు ఇనుప పలకల్ని అతికి తెస్తే, దాన్ని బిగించి, పెద్ద సుత్తితో విరిగేదాకా కొట్టడమే పరీక్ష. షెడ్డు ఓనరు వచ్చాడు. పెద్ద గొంతు మనిషి కాదు. నెరిసిన తల, చొక్కా జేబు దగ్గర ఇంకు మరక. అతుకుల దగ్గర కొన్ని పుటుక్కున విరిగాయి. మా ఆయనది విరగలేదు. ఇంకోసారి కొట్టారు. పలక వంగింది కానీ అతుకు వదల్లేదు. ఓనరు సుత్తి తనే అందుకుని కొట్టి చూశాడు. మామయ్య అటు చూడకుండా పైకప్పు వైపు చూస్తున్నారు.

"మీవాడేనటగా? చెప్పవేం?" అన్నాడు ఓనరు.

"పలక చెబుతుందని ఊరుకున్నానండి" అన్నారు మామయ్య.

కొందరిని అక్కడికక్కడే షెడ్డుకు రమ్మన్నాడు. వాళ్ళలో మా ఆయన ఒకడు. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య ఆ సాయంత్రం అగ్గిపెట్టె అడిగే నెపంతో వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చింది. ఇంట్లో అగ్గిపెట్టెలు గూటినిండా చేరాయి.

ఆ తర్వాతి రోజులే ఆ ఇంట్లో నేను చూసిన మంచిరోజులు. పొద్దున్నే రెండు క్యారేజీలు కట్టేదాన్ని. తండ్రీకొడుకులు ఒకే వరసలో నడిచి వెళ్తుంటే వెనకనుంచి ఎవరి నడక ఎవరిదో పోల్చడం కష్టంగా ఉండేది. సాయంత్రం మెట్టు మీద ముగ్గురు. సుత్తి బాబాయ్ మాటలకు ఇప్పుడు మా ఆయన కూడా అడ్డం తగిలేవాడు. పనిలో తగిలిన తిట్లు, ఎవరి వేలు ఎలా నలిగింది, ఏ బస్సుకు ఏ రంగు. పెళ్ళయ్యాక మొదటిసారి మా ఆయన నాతో రేపటి గురించి మాట్లాడాడు. వేరే గది వేసుకుందామన్నాడు. పెరటి వైపు కిటికీ పెట్టిద్దామన్నాడు. కిటికీ చట్రం తనే చేస్తానన్నాడు.

ఒక మధ్యాహ్నం డాబా మీద బట్టలు తీస్తున్నాను. ఎండ మండిపోతోంది, వీధిలో మనిషి లేడు. మలుపు తిరిగి మామయ్య ఒక్కరే వస్తున్నారు. నడకలో తొందర లేదు. చేతిలో క్యారేజీ. నేను గబగబా దిగి వెళ్ళి అందుకున్నాను. బరువుగా ఉంది.

"ఒంట్లో బాగోలేదా మామయ్యా?"

"బాగానే ఉందమ్మా. అన్నం ఇక్కడే తింటాను."

కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. నేను కంచం తేబోతే వద్దని, క్యారేజీ గిన్నెలు విప్పుకుని, షెడ్డులో తిన్నట్టే అందులోనే తిన్నారు. మెతుకు మిగల్చలేదు. అత్తయ్య స్తంభం పట్టుకుని నిలబడి చూస్తోంది. చెయ్యి కడుక్కున్నాక చెప్పారు.

"ఓనరు పిలిచాడు. పాతవాళ్ళలో కొందరం ఇంక రానక్కర్లేదన్నాడు."

"ఎన్నాళ్ళు?" అంది అత్తయ్య.

"రానక్కర్లేదన్నాడు."

అత్తయ్య ఖాళీ క్యారేజీ గిన్నెలు పోగేసింది. మామయ్యే గోడతో చెప్పినట్టు చెప్పారు. పెద్ద కంపెనీలు బస్సులను పూర్తిగా తయారుచేసి పంపుతున్నాయట. షెడ్డుకు వచ్చే పని సగానికి పడిపోయిందట. సెంటరు నుంచి వచ్చిన పిల్లలకైతే ఏడాదిపాటు జీతంలో సగం ప్రభుత్వమే ఇస్తుందట. "అతన్ని అనడానికేం లేదు. ఆ మాట చెప్పడానికి నాకు కుర్చీ వేశాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో నన్ను కూర్చోమనడం ఇదే."

"వాడికి తెలుసా?"

"వాడు బస్సు కింద ఉన్నాడు. మాస్కులో ఉన్నాడు. పిలవలేదు."

సాయంత్రం మా ఆయన ఆలస్యంగా వచ్చాడు. షెడ్డు గేటు దగ్గర తండ్రి కోసం నిలబడి నిలబడి, ఎవరో చెబితే తెలుసుకున్నాడట. లోపలికి రాకుండా మెట్టు మీదే కూలబడ్డాడు. మామయ్య వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. నేను దీపం వెయ్యబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"రేపట్నుంచి నేను వెళ్ళను" అన్నాడు మా ఆయన.

"నువ్వు మానేస్తే నన్ను పిలుస్తాడా?"

మా ఆయన మెట్టు మీది మట్టిని గోటితో గీకుతున్నాడు.

"ఇంకొకణ్ణి నిలబెడతాడు. ఇంట్లో ఇద్దరం కూర్చుంటాం."

"నీ చోట్లో నన్ను నిలబడమంటావా నాన్నా?"

"చోటు షెడ్డుదిరా. మనం నిలబడ్డన్నాళ్ళు నిలబడతాం." మామూలు గొంతుతో అన్నారు. "వెనక తలుపు పక్క స్తంభం సగంలో వదిలేసి వచ్చాను. అది నువ్వు పూర్తి చెయ్యి. లోపలివైపు కూడా అతుకు వెయ్యి. పైన రేకు వేశాక ఎవరికీ కనపడదని వదిలేస్తారు."

మా ఆయన తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మామయ్య చెయ్యి చాపి, కొడుకు వీపు దాకా తెచ్చి, ఎందుకో మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

పొద్దున్న నేను అలవాటు కొద్దీ రెండు క్యారేజీలూ కిందికి దించాను. అత్తయ్య చూసింది. ఒకటి తీసుకెళ్ళి పైన పెట్టింది. మా ఆయన వెళ్ళాడు. వెళ్ళేముందు తండ్రి ముందు ఒక్క క్షణం ఆగాడు, ఏదో అంటాడనుకున్నాను. "వస్తా" అన్నాడు. "మంచిది" అన్నారు మామయ్య.

రెండు రోజులకు సుత్తి బాబాయ్ వచ్చాడు. ఆయననూ తీసేశారు. మామూలుగా కూర్చునే చోటే కూర్చున్నాడు. టీ ఇచ్చాను, తాగాడు. మాట్లాడలేదు. వీధిలో పిల్లలు బంతి ఆడుకుంటుంటే చూస్తున్నాడు. ఆయన మాట్లాడకపోతే ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మామయ్యకు మాట మొదలుపెట్టడం చేతకాదు, ఆ అలవాటే లేదు. నేను లోపల గ్లాసు కడుగుతూ, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటే బాగుండునని చూస్తున్నాను.

ఆఖరికి లేచి చెప్పులేసుకుంటూ అన్నాడు. "మనమే నేర్పాం కదరా."

నిందేం లేదు ఆ గొంతులో. ఉంటే మామయ్య తట్టుకునేవారేమో.

మళ్ళీ రాలేదు. మామయ్యే ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళి, వెళ్ళినంతసేపట్లోనే తిరిగొచ్చారు. "ఇంట్లో లేడన్నారు" అని చెప్పారు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి" అన్నారు.

నేను ఎవరికీ చెప్పకుండా సినిమా హాలుకు వెళ్ళాను. వెళ్ళి ఏం చెయ్యాలనుకున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఎవరినో ఒకరిని అడగాలనిపించింది, అంతే. హాలు ఖాళీగా ఉంది. మేడమ్ ఒక్కతే స్టూలెక్కి గోడకు ఫొటోలు అంటిస్తోంది. ఉద్యోగాలు దొరికినవాళ్ళ ఫొటోలు. మా ఆయనది మొదటి వరసలో ఉంది. నన్ను చూడగానే దిగింది.

"తెలిసింది" అంది. "మామయ్యగారి ముందుకు రావడానికి ధైర్యం చాల్లేదు."

"మీరు ఓనరుగారితో చెబితే వింటారేమోనండి."

"వెళ్ళానమ్మా. పిల్లల్ని వెనక్కి తీసుకుంటే పాతవాళ్ళని పిలుస్తారా అని అడిగాను. పిలవలేనన్నారు. అయితే వీళ్ళనైనా ఉంచండి అని వచ్చేశాను." చేతికంటిన జిగురు రుద్దుకుంటోంది. "ఇంతమందికి పని దొరికిందని పైవాళ్ళకి రాసి పంపాను. మెచ్చుకున్నారు. ఎంతమందికి పోయిందో వాళ్ళు అడగరు. చెప్పడానికి నన్ను పిలిచేవాళ్ళూ లేరు."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఓనరు మీద కూడా ప్రయత్నించాను. కుర్చీ వేశాడన్న మాట అడ్డొచ్చింది. కోపం పెట్టుకోవడానికి ఎక్కడా చోటు దొరక్క అలాగే నిలబడ్డాను.

నేను వచ్చేస్తుంటే ఆమె గుమ్మం దాకా వచ్చింది. "ఇంకో బ్యాచ్ మొదలవుతోంది. అడగకూడదని తెలుసు. మామయ్యగారు వస్తారేమో కనుక్కుంటారా? ఈ బ్యాచ్ నడవకపోతే సెంటరు తీసేస్తారు. నన్ను కూడా."

ఆ మాట మామయ్యకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. విన్నారు.

"వాళ్ళు నేర్చుకుని ఎక్కడికి వెళ్తారమ్మా?"

"షెడ్డుకేనేమో మామయ్యా."

"అక్కడిప్పుడు ఎవరున్నారు?"

ఉన్నది మా ఆయన. టైమెంతయిందని అడిగినట్టే అడిగారు.

వెళ్ళలేదు. వేరే షెడ్లు తిరిగారు. ఒకచోట వయసు అడిగారు, ఇంకోచోట అదీ అడగలేదు. వీధిలో అతకడానికి గేట్లు కూడా మిగల్లేదు, అన్నీ ఆ వేసవిలో ఉబలాటం కొద్దీ ఊరికే అతికేశాం. అత్తయ్య ఆయన కోసం పనులు పుట్టించేది. బాగున్న బిందెను చూపించి కారుతోందనేది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, నీళ్ళు పోసి చూసి, "బాగానే ఉంది" అని తిరిగి ఇచ్చేవారు. మా ఆయన షెడ్డు కబుర్లు చెప్పడం మానేశాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, చొక్కాకు అంటిన ఇనుప వాసన పోయేదాకా నీళ్ళు పోసుకుంటూనే ఉండేవాడు. వేరే గది మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం మా ఆయన నిలువునా తడిసి వచ్చి, తుడుచుకోకుండానే వసారాలో నిలబడ్డాడు. మామయ్య చూరు నీళ్ళు పడేచోట బకెట్టు జరుపుతున్నారు.

"సోమవారం కొత్తవాళ్ళు వస్తున్నారు" అన్నాడు. "సెంటరు నుంచి. మా బ్యాచ్‌లో పని దొరకనివాడే ఒకడు వాళ్ళకి నేర్పాడట. పనిలో పెట్టి చూపించమని ఓనరు నాకు అప్పజెప్పాడు."

మామయ్య బకెట్టు దగ్గరే కూర్చుండిపోయారు.

"నాకు సగం జీతం ప్రభుత్వమిచ్చే ఏడాది అయ్యేసరికి వాళ్ళు తయారవుతారు" అన్నాడు మా ఆయన. ఆ మాట అక్కర్లేదు, అందరికీ అర్థమైంది. తర్వాత నేలచూపులు చూస్తూ అడిగాడు. "ఎంతవరకు నేర్పమంటావు నాన్నా?"

వంటింట్లో అత్తయ్య గరిట ఆగింది. నేను తలుపు పక్కన ఉన్నాను. అబద్ధమెందుకు, సగం నేర్పమంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంటోంది. అత్తయ్యదీ అంతేనని ఆ గరిట ఆగినప్పుడే తెలిసింది. కొత్తవాళ్ళను పక్కకు నిలబెట్టి ఊడ్పించొచ్చు, రేకులు మోయించొచ్చు, చేతకాదని ఓనరుకు చెప్పొచ్చు. అలాంటివి ఎన్నో ఉంటాయి. మామయ్యకు తెలియనివి కావు.

మామయ్య బకెట్టును చూరు ధార కిందికి సరిగ్గా జరిపారు.

"అంతా నేర్పు" అన్నారు.

"అంతా నేర్పితే..."

"తెలుసురా." మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచారు. "రేపు ఆ పిల్లలు అతికిన బస్సులో జనం ఎక్కుతారు. వాళ్ళకి మన సంగతి ఏం తెలుసు?"

మా ఆయన కదల్లేదు. ఒంటి నుంచి కారిన నీళ్ళు కాళ్ళ చుట్టూ మడుగు కట్టాయి. నేను తువ్వాలు తెచ్చి ఇస్తే పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తీసుకుని నేనే తల తుడిచాను. చిన్నపిల్లాడిలా తుడిపించుకున్నాడు. వంటింట్లో గరిట చప్పుడు మళ్ళీ మొదలైంది.

సోమవారం పొద్దున మా ఆయన రోజూ కంటే ముందే బయల్దేరాడు. క్యారేజీ ఇంకా కట్టలేదంటే, పర్లేదన్నాడు. కొత్తవాళ్ళు వచ్చేలోపు మాస్కులన్నిటికీ అద్దాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలట.